బడ్డీ పక్క బెంచీ

పూజ ముగిసిందో లేదో, చర్చి ఖాళీ అయిపోయింది.

ఫాదర్ ఎలీసియో గుమ్మంలోనే నిలబడ్డారు. ప్రసంగం గురించి ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఆశ.

ఒకరిద్దరు ఆయన చెయ్యందుకుని నుదుటికి ఆనించుకున్నారు. "బాగుంది ఫాదర్" అన్నారు. అంతే, పరుగు.

ఆ పరుగు ఎక్కడికో ఆయనకు తెలుసు.

చర్చి ప్రహరీ లోపలే, మూలగా, బిబింకా రొట్టెలు కాల్చే బడ్డీ ఉంది. దాని పక్కన ఒక బెంచీ. ఆ బెంచీ మీద ఇస్లావ్ తాత. క్రిస్మస్ వెళ్ళాక ఏదో దీవి నుంచి మేనకోడలింటికి వచ్చి ఉంటున్న ముసలాయన.

ఆయన చుట్టూ ఊరంతా ఉంది.

కాసేపు నవ్వులు. తర్వాత నిశ్శబ్దం. ఒక పెద్దావిడ రుమాలుతో కళ్ళొత్తుకుంటోంది.

ఫాదర్‌కి కడుపు మండిపోయింది.

ఇవాళ్టి ప్రసంగం కోసం వారమంతా తల బద్దలు కొట్టుకున్నారాయన. మనీలా నుంచి తెప్పించుకున్న పుస్తకాలు తిరగేశారు. ఒక లావుపాటి నవలలోంచి క్షమను, ఒక పాత చిత్రంలోంచి వెలుగును పట్టుకొచ్చి బతుక్కీ భక్తికీ ముడిపెట్టారు. జనం బుద్ధిగా తలలూపారు. ఒక్కరి కన్నూ చెమర్చలేదు.

అక్కడ మాత్రం, రొట్టెల పొగలో, ఏడుస్తున్నారు!

భోజనం దగ్గర వంటమనిషి పాసింగ్‌ని కదిపారు.

"ఏం చెప్తాడక్కా ఆ ముసలాయన?"

"నాకేం తెలుసు ఫాదర్? ఆ టైముకి నేను మీ చేపల పులుసు ముందుంటాను కదా. ఏవో కథలంట. జనం చెవులు కోసుకుంటున్నారు."

"కోసుకునేంత ఏముంది అందులో?"

"మీకెందుకు ఫాదర్ బాధ? మీరు చదువుకున్నోళ్ళు. తినండి, చల్లారిపోతోంది."

పులుసు సహించలేదు.

బుధవారం మంచం పట్టిన ఒక అవ్వను చూడ్డానికి వెళ్ళారు. ప్రార్థన చేశారు, తలమీద చెయ్యి పెట్టి దీవించారు. అవ్వ గుమ్మం వైపే చూస్తోంది.

"ఎవరికోసమమ్మా?"

"తాతని కూడా వెంటబెట్టుకొస్తారనుకున్నాను ఫాదర్" అంది అవ్వ.

ఇంటికి వచ్చేదాకా ఆ మాట ఆయన్ని కుడుతూనే వచ్చింది.

అసూయ మహాపాపమని ఊరందరికీ చెప్పే మనిషాయన. అందుకని దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఆదివారం, పూజ వస్త్రాలైనా మార్చుకోకుండా తిన్నగా బడ్డీ దగ్గరికి నడిచారు. జనం పక్కకు తప్పుకున్నారు.

"తాతా, ఇది చర్చి ఆవరణ. ఇక్కడ బోధ చెయ్యాలంటే బిషప్‌గారి అనుమతి కావాలి. ఉందా మీకు?"

ముసలాయన కంగారుపడి లేచాడు.

"బోధా! అంత మాటా ఫాదర్? నేను చెప్పేదల్లా..."

"మీరేం చెప్తారో నాకక్కర్లేదు. ఇక మీదట ఇక్కడ జనాన్ని పోగెయ్యొద్దు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఫాదర్‌కి ఎదురు చెప్పడమా?

"తప్పయింది ఫాదర్" అన్నాడు తాత. వంగి, తన కొడుకంత వయసున్న ఫాదర్ చెయ్యందుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

ఫాదర్‌కి లోపల ఎక్కడో చురుక్కుమంది. అయినా ఆ పూట రెండు మార్లు వడ్డించుకుని తిన్నారు.

తనవల్ల మేనకోడలికి చర్చిలో మాట రాకూడదని తాత పడవెక్కి తన దీవికి వెళ్ళిపోయాడట. ఆ సంగతి పాసింగే చెప్పింది. పీడా పోయిందనుకున్నారు ఫాదర్.

పై ఆదివారం ఆయన గొంతు గంటలా మోగింది. అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని ఆయనకే అనిపించింది. పూజ అవగానే బయటికొచ్చి తనే ఆ బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు రారూ?

జనం రొట్టెలు అరిటాకుల్లో చుట్టించుకున్నారు. దూరం నుంచే దణ్ణం పెట్టి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

చేపలమ్మే బిదాయ్ ఒక్కతే మిగిలింది. తటపటాయిస్తూ దగ్గరికొచ్చింది.

"తాత ఇక రాడా ఫాదర్?"

"రాడు. అయినా ఆయన కథల్లో అంత గొప్పేముందమ్మా?"

"అట్లా అంటారేంటి ఫాదర్! ఆ ఖాళీ పళ్ళెం కథ వినబట్టే కదా, మా చెల్లెల్ని మళ్ళీ ఇంటికి పిలిచి అన్నం పెట్టాను. మొహం చూసుకుని ఎన్నేళ్ళయిందో మేము!"

"ఖాళీ పళ్ళెమా?"

"అదే, ఎవరో బొమ్మ గీశారంట కదా. బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ తింటుంటారు. ఒక్క పళ్ళెం మాత్రం అలిగెళ్ళిపోయిన మనిషి కోసం ఖాళీగా పెట్టుంచుతారు..."

ఫాదర్ బెంచీ మీంచి చటుక్కున లేచారు. ఆ బొమ్మను మనీలాలో చూసింది తను. ఈస్టర్‌కి ముందు దాని గురించి గంటసేపు ప్రసంగించింది తను.

"అది నేను లోపల చెప్పిందే కదమ్మా! మీరంతా తలలు కూడా ఊపారు."

"ఊపకపోతే ఎట్లా ఫాదర్? అర్థం కాలేదని మీ మొహమ్మీదే అంటామా, అదేం మర్యాద?"

బిదాయ్ చేపల బుట్ట నెత్తికెత్తుకుంది. ఫాదర్ మీద కోపం చూపించకూడదు కాబట్టి నేల చూపులు చూస్తూ అడిగింది.

"ఇవాళ మీరు లోపల ఏం చెప్పారో, ఇప్పుడు మాకు బయట ఎవరు చెప్తారు ఫాదర్?"