ఇంకోసారిగారు

ఆ సాయంత్రం లెక్కల టీచరమ్మ ఒక మనిషిని క్లాసులోంచి గెంటేసింది.

మెడపట్టి కాదు, వేలితో. ఆన్‌లైన్ క్లాసు మరి! పేరు మీద ఒక్క నొక్కు నొక్కితే చాలు, మనిషి మాయం.

అయినా ఎంతకని ఓర్చుకుంటుంది పాపం?

పిల్లలందరి గడుల్లోనూ మొహాలుంటాయి. ఆ ఒక్క గడి మాత్రం నల్లగా ఉంటుంది. పేరుండాల్సిన చోట 'అతిథి' అని ఉంటుంది. పాఠం మంచి ఊపులో ఉండగా ఆ గడి నుంచి చాట్‌లో ఒకే మాట వచ్చి పడుతుంది.

"ఇంకోసారి చెప్పండి టీచర్."

చెప్పేది. కాసేపటికి మళ్లీ అదే మాట. పిల్లలు ఆ గడికి 'ఇంకోసారిగారు' అని పేరు కూడా పెట్టేశారు.

ఆ రోజు భిన్నాల భాగహారం. మళ్లీ మళ్లీ అదే మాట వచ్చేసరికి టీచరమ్మకు తిక్కరేగింది.

"ఎవరు నువ్వు? మైక్ పెట్టి మాట్లాడు."

జవాబు లేదు.

"పోనీ, ఏ ముక్క అర్థం కాలేదో అదైనా చెప్పు."

కాసేపాగి చాట్‌లో, "ఇంకోసారి చెప్పండి టీచర్."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని!" అంటూ నొక్కేసింది.

ఆ తర్వాత క్లాసు నల్లేరు మీద నడకలా సాగింది.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!" అందరిదీ ఒకే పాట.

ఈలోగా బడిలో ఇంకో గొడవ మొదలైంది. రికార్డు చేసిన పాఠాలు కొనేస్తే సాయంత్రం క్లాసులు ఎత్తేయొచ్చని యాజమాన్యం ఆలోచన. శనివారం తల్లిదండ్రులందరి ముందూ చర్చ పెట్టాలని నిర్ణయించారు.

టీచరమ్మ ప్రాణం గిలగిల్లాడింది. వెనకబడిన పిల్లల కోసం పట్టుబట్టి తను పెట్టించిన క్లాసు అది.

"మీ క్లాసు నిలవాలంటే మీరే గట్టిగా మాట్లాడాలి. ఏం చెప్తారు?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

"ఏముందండీ? యంత్రానికి పిల్లల మొహాలు కనబడవు, నాకు కనబడతాయి. అదే చెప్తాను."

చర్చకు ముందురోజు పరీక్ష పేపర్లు దిద్దింది. భిన్నాల భాగహారంలో సగం క్లాసు బోల్తా కొట్టింది.

సాయంత్రం క్లాసులో పిల్లల మీద విరుచుకుపడింది.

"అర్థమైందన్నారు కదర్రా! కాకపోతే నోరు తెరిచి అడగొద్దూ?"

ఒక గడుగ్గాయి నసిగాడు. "ఇంకోసారిగారు అడిగేవారు కదా టీచర్. మాకు అడిగే పనే ఉండేది కాదు."

"అవును టీచర్. సరిగ్గా నాకు అర్థం కాని చోటే అడిగేవారు," అంది ఒక పిల్ల.

"నీకు కాదే, నాకు!"

"మీ ఇద్దరికీ కాదు, నాకు!"

వాదులాట సద్దుమణిగాక, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతె మెల్లగా అంది.

"ఆయన మా తాతయ్య టీచర్."

"ఒకసారి పిలవమ్మా. మాట్లాడాలి."

"పోయిన వారం చనిపోయారు టీచర్. నిద్రలోనే."



"నేను తీసేశానని ఆయనకి కోపమొచ్చిందా తల్లీ?"

"లేదు టీచర్. అన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేది, మీ టీచర్ బంగారం అన్నారు."

టీచరమ్మ పాఠం కోసం తెర మీద రాసే పలక తెరిచింది. పలక తెరంతా పరుచుకుంది. వెంటనే పిల్లల మొహాలన్నీ మాయమయ్యాయి.

రోజూ జరిగేదే. ఆ సంగతి ఆ రోజే గమనించింది.

శనివారం హాలు నిండిపోయింది. రాసుకొచ్చిన కాగితం మడిచేసి లేచి నిలబడింది.

"యంత్రానికి పిల్లల మొహాలు కనబడవని చెబుదామనుకున్నాను. నాకూ కనబడలేదండీ. పాఠం చెప్పేటప్పుడు నా తెర మీద నా పలకే ఉంటుంది. నా క్లాసు ఇన్నాళ్లు బాగా నడిచిందంటే నా గొప్పా కాదు, యంత్రం గొప్పా కాదు. ఓ పెద్దాయన రోజూ చెవులప్పగించి పాఠం విని, పిల్లల తరఫున అడిగారు. ఆయన్ని నేను గెంటేశాను. ఇప్పుడు దండం పెడదామంటే మనిషి లేరు. ఆయన చలవ వల్లే మా పిల్లలు నేర్చుకున్నారు."



"సరే, రికార్డు పాఠంలో అలా అడిగేవాళ్లుండరు. క్లాసు ఉండనిద్దాం," అన్నాడు యాజమాన్యం పెద్ద. "మరి ఆయన చేసిన పని ఎవరు చేస్తారు?"

వెనక వరసలోంచి ఒక తండ్రి చెయ్యెత్తాడు. "నేను కూర్చుంటానండీ. కాకపోతే నాకు లెక్కలు బొత్తిగా రావు."

"రాకపోతేనే మంచిది," అంది టీచరమ్మ. అందరూ నవ్వారు.

బయటికొస్తుంటే ఆ పిల్ల తల్లి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"మా మామగారి గురించి ఎంత బాగా చెప్పారండీ! ఒక్క మాట మాత్రం..."

"ఏంటమ్మా, తప్పు మాట్లాడానా?"

"తప్పని కాదు. చిన్నప్పుడు బడిలో ఆయన కోసం 'ఇంకోసారి చెప్పండి' అని ఎవరూ అడగలేదట. అందుకే మీ క్లాసు మొదలవగానే ఫోను పట్టుకుని పిల్లల మొహాలు చూస్తూ కూర్చునేవారు. మీరు పలక పెట్టినా మా వైపు అందరూ కనబడతారుగా! ఏ పిల్ల మొహం వాడినా మీకు రాసేవారు."

"మరి పాఠం?"

"పాఠం ఎక్కడ విన్నారండీ? ఏడో ఏట జ్వరమొచ్చినప్పటి నుంచి ఆయనకి చెవులు వినపడవు."