అన్న వరస

"కిరాయిల సగం డెన్నిస్ అనే ఆయన కడుతున్నడని ఉన్నది. ఆయన మీ బిడ్డకు ఏమైతడమ్మా? వకీలు సార్ గీడ ఖాళీ ఇడిసిండు."

నాంపల్లి కోర్టు ఎదుటి జిరాక్సు షాపులో టైపిస్టు అంజయ్య అడిగాడు.

కమల గబగబా కూతురికి ఫోను కలిపింది.

కూతురు మనస్విని విడాకుల కేసులో తన రాబడి, ఖర్చు కోర్టుకు రాసివ్వాలి. బ్యాంకు కాగితం కోసం ఆబిడ్స్ దాకా వెళ్లింది. అడుగుదామంటే ఫోను ఎత్తడం లేదు.

మొగుడితో తెగకముందే ఇంకొకరితో ఉంటోందని రాస్తే? మనవరాలు ప్రణవిని కోర్టు లాక్కుని వాళ్ల నాన్నకు ఇచ్చేస్తే?

"అన్న వరస అని కొట్టు," అంది.

"జర ఆగు బాబూ."

పక్క కుర్చీలో ఎవరో పెద్దావిడ. ఎప్పుడొచ్చి కూర్చుందో కమల చూడనే లేదు.

"గట్ల రాయించకు అక్కా. రేపు వాళ్లిద్దరు పెండ్లి చేసుకుంటే? అన్నను చేసుకున్నదంటరు."

అంజయ్య నవ్వు ఆపుకున్నాడు.

"పెండ్లెక్కడిది!" కమల కస్సుమంది. "వాళ్లమ్మ మా పిల్ల మొఖం గూడ చూడనన్నది. కొడుకు ఇల్లిడిసినా ఫికర్ లేదామెకు. రేపు ఆమె రమ్మంటే ఈయన బట్టలు సర్దుకొని పోడా? అప్పుడు నా బిడ్డ గతి?"

పెద్దావిడ తల దించుకుంది.

"ఒక పిల్ల తల్లిని కోడలంటరా ఎవరన్న? నువ్వంటవా?"

"ఔ. అంట."

"అంటవ్, ఎందుకనవు! నీ ఇంటి మీదికి రాలె గదా. నా బాధ నాది. నీ పని నువ్వు చూస్కోరాదు?"

ఆమె లేచి, కొంగు భుజం నిండా కప్పుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

కమల కుర్చీలో వెనక్కి వాలింది. కాళ్లు పీకుతున్నాయి. ఈ తిరుగుడు ఎప్పటికి తెగుతుందో, ఇంకా ఎంతమందితో ఎన్ని మాటలు పడాలో.

"కొట్టమంటరా?" అంజయ్య మళ్లీ అడిగాడు.

"కొట్టు."

కాగితం చేతికి వచ్చేసరికి డెన్నిస్ గబగబా లోపలికి వచ్చాడు.

"ఏమైందాంటీ? మీతోని పెండ్లి మాట మాట్లాడుతనని మా అమ్మే నన్ను తోలుకొచ్చింది. గీడ దింపి బండి పెట్టొచ్చేసరికి, నాతోని గూడ మాట్లాడకుంట ఆటో ఎక్కి పోయింది."