సాకే కొట్లో ఆడగాలి

"మీ బియ్యపు సారా, ఈ సాకే, అంత బావుండడానికి రహస్యమేంటి, తోకుబే గారూ?" ప్రభువు పంపిన అధికారి అడిగాడు.

"సాకే పులియబెట్టే మా కొట్లో ఆడది అడుగు పెట్టదండీ," అన్నారు నాన్న.

ఆయన్ని భోజనానికి కూర్చోబెట్టి, పులిసిన సాకే ఒక గిన్నెలో పట్టుకుని వంటింటికి పరుగెత్తుకొచ్చారు. ఎప్పుడు వడకట్టాలో ఏటా వాసన చూసి చెప్పేది అమ్మే.

"ఇవాళ వడకట్టొచ్చా, చెప్పవే! చెడిందంటే ప్రభువు నన్ను బతకనివ్వడు."

అమ్మ తుమ్మింది. "జలుబండీ, వాసన తెలియట్లేదు. తొట్టి దగ్గర చెవి పెట్టి నురగ చప్పుడు వినాలి. లోపలికి రానిస్తారా?"

"అమ్మో, ఆచారం!"

"అయితే మీ మగాళ్లనే అడగండి."

కాసేపటికి నాన్న కొట్టు వెనక గోడ చెక్క పలకలు రెండు ఊడదీయించారు. అమ్మ పెరట్లోనే నిలబడి, తల మాత్రం లోపలికి పెట్టి వింది.

"రేపు."

"రేపు వడకడతామండీ. నా ముక్కు ఎప్పుడూ తప్పదు," అని నాన్న అధికారితో చెప్పడం మాకు వినబడింది.

"కోపం రాదా అమ్మా?" అడిగాను నేను.

"గోడ తీయించాను కదే. తలుపు సంగతి వచ్చే ఏడు చూద్దాం."