అరవై ఆరు డిగ్రీలు

మధ్యాహ్నం రెండుంపావు. తెర మీద అంకె మారింది. అరవై ఒకటి.

వినీల చేతిలోని టిఫిన్ బాక్సు తెరవకుండానే ఆగిపోయింది.

పటమటలోని ఇంట్లో, అత్తగారి గదిలో, చిన్న కంప్యూటర్ ఒకటి రాత్రీ పగలూ నడుస్తూ ఉంటుంది. వినీల రాసిన నాలుగు లైన్ల ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి దాని వేడిని ఇంటర్నెట్‌లో ఒక పేజీకి పంపుతుంది. మంగళగిరి ఆఫీసులో కూర్చుని ఆ పేజీ చూసుకోవడం ఈ వేసవిలో ఆమెకు అలవాటైపోయింది. ఫ్యాను గాలి తగులుతుంటే ఆ అంకె యాభై రెండు దాటదు.

అరవై నాలుగు.

కరెంటు పోయిందా? పోతే అంకె రావడమే ఆగిపోయేది. ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

అరవై ఆరు.

వినీల హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది. "సబీహా, సార్‌కి చెప్పవా? ఇంటికెళ్తున్నా."

"ఈ ఎండలోనా? ఆ పెట్టె కోసమా?" పక్క సీట్లో సబీహా నోరు తెరిచింది.

మూడోసారి, ఏడో రింగుకి అత్తగారు అమలమ్మ పలికింది. గొంతులో నిద్రమత్తు.

"అత్తయ్యా, ఫ్యాను తిరుగుతోందా?"

"ఆఁ... తిరుగుతోందమ్మా."

"లేదు. నాకిక్కడ తెలుస్తోంది. ముందు లేచి వెయ్యండి. అది పాడైతే నా ఉద్యోగం పోతుందని చెప్పానా లేదా?"

"చెప్పావులే తల్లీ, రోజుకి పదిసార్లు. పక్కింటి మార్త నవ్విపోతోంది, మీ కోడలు అత్తని అడగదు, పెట్టెనే అడుగుద్దని."

అటునుంచి స్విచ్ టక్కుమంది.

"వేశా. ఐదులో పెట్టా. చాలా నీ పెట్టెకి?"

వినీల నిలబడే ఉంది. ఐదు నిమిషాలు. అరవై మూడు. మరో ఐదు. యాభై ఏడు.

అప్పుడు కూర్చుంది.

"నాకర్థం కాక అడుగుతాను," అంది సబీహా. "మీ ఇంట్లో కంప్యూటర్ పాడైతే ఇక్కడ నీ ఉద్యోగం ఎందుకు పోతుంది? అసలు ఏం పని చేస్తుందది?"

"పనేం చెయ్యదు," వినీల టిఫిన్ బాక్సు మూత తీసింది, "‘నా ఒక్కదానికి ఫ్యానెందుకు’ అని ఆపేసుకుని కిందటి మే నెలలో వడదెబ్బతో చావు దాకా వెళ్ళొచ్చిన మా అత్తయ్య మంచం పక్కన ఊరికే కూర్చుని ఉంటుంది."