దీనా కోసం ఆకాశం

"మూసుకుపోయింది," అంది దీనా, వంటింటి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి. "ఒక్క చుక్క కూడా లేదు. ఈ రాత్రి దేశమంతా ఆకాశంలో రంగురంగుల ధ్రువకాంతులు చూస్తుందట. మబ్బు మాత్రం సరిగ్గా మన నెత్తి మీదే."

లేండర్ట్ బఠానీ సూపు గిన్నె ఆమె ముందు పెట్టాడు. "అవి నార్వేలో కనబడేవి. మన హాలండ్ దాకా ఎందుకొస్తాయి?"

"ఈసారి సూర్యుడు గట్టిగా తుమ్మాడట. ఇంత దిగువకీ వస్తాయని రేడియోలో చెప్పారు."

"సూపు చల్లారిపోతుంది."

"నార్వే తీసుకెళ్ళడం చేతకాని మొగుడికి సూపు కాయడం మాత్రం బాగా వచ్చు."

నవ్వుతూనే అంది. ఆ నవ్వే అతనికి గుచ్చుకుంది.

పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట అది. ఆ కాంతులు చూడాలంటే చలికాలంలో వెళ్ళాలి. చలికాలంలోనే గాజు షెడ్లలో టమాటా మొక్కలు పసిపిల్లల్లా ఉంటాయి. ఒక ఏడు షెడ్లను వెచ్చగా ఉంచే బాయిలర్ చెడింది. ఇంకో ఏడు తెల్లదోమ. మరో ఏడు ప్రయాణం రేపనగా వడగళ్ళకు కప్పు పగిలింది. "నువ్వు కాపురం చేసింది టమాటాలతో, నేను పక్కింటిదాన్ని" అనేది దీనా. తీరా షెడ్లు అమ్మేసి చేతులు ఖాళీ చేసుకునేసరికి ఆమె గుండె బలహీనపడింది. ప్రయాణాలు కూడదన్నాడు డాక్టరు. ఇప్పుడు వాకిట్లోకి రావాలన్నా చక్రాల కుర్చీయే.

సూపు ముట్టకుండా ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఒళ్ళో కొత్త ఫోన్. చీకట్లో ఫొటో తీయడం ఎలాగో మనవరాలి దగ్గర నేర్చుకుంది పాపం.

"కట్టెలు తెస్తా," అని లేండర్ట్ పెరట్లోకి వెళ్ళి కోబుస్‌కి ఫోన్ చేశాడు.

కాలువ అవతల, ఉత్తరం దిక్కున ఉన్న అతని షెడ్లు కొనుక్కున్నది కోబుసే. లేండర్ట్ కాలంలో లేని గులాబీరంగు దీపాలు కొత్తగా పెట్టించాడు. రాత్రిళ్ళు మొక్కలకు ఆ వెలుగే. అది బయటికి రాకుండా కప్పు కింద నల్ల తెరలు మూసి ఉంచాలని రూలు. పక్క ఊళ్ళో ఎవరో మూయడం మరిచిపోతే మబ్బులన్నీ ఎర్రబడి, ఊరు తగలబడుతోందని జనం ఫైరింజన్‌ను పిలిచారు.

"కోబుస్, తెర తీయాలిరా. పది నిమిషాలు."

"ఇప్పుడా? మతిపోయిందా మామా? మబ్బంతా ఎర్రగా అయిపోతుంది!"

"అవ్వాలనే."

"దీనా అత్త కోసమా?"

"ఊఁ."

"చర్చిలో పాట శ్రుతి తప్పితే లేచి నిలబడి నేనే తప్పానని చెప్పుకునే మనిషివి. అత్తతో అబద్ధమాడగలవా?"

"ఇదొక్కటేరా. బతుకు మొత్తానికి ఇదొక్కటే."

"సరే. సూపు తాగేసి తీస్తాను. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం నువ్వే చూసుకోవాలి."

ఎంతసేపటికీ ఏమీ కాలేదు. సముద్రం వైపు నుంచి గాలి లేచి పెరటి తలుపు కొట్టుకుంది. లేండర్ట్ వెళ్ళి గడియ బిగిస్తుంటే వెనక నుంచి కేక.

"లేండర్ట్! ఎరుపు! అదిగో, ఎరుపు!"

గబగబా ఆమెకు దుప్పటి చుట్టి, కుర్చీ వాకిట్లోకి తోశాడు. తల మాత్రం ఎత్తలేదు. కోబుస్ దీపాలను చూసి నోరు వెళ్ళబెట్టడం అతని వల్ల అయ్యే పని కాదు. అందుకని దీనానే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఫోన్ సంగతే మరిచిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"కదులుతున్నాయయ్యా! పరదాలు ఊగినట్టు! అడుగున ఆకుపచ్చ కూడా!"

ఆశ పడ్డ మనిషికి లేని రంగులు కూడా కనబడతాయి కాబోలు అనుకున్నాడు.

ఆమెకు ఫోన్ గుర్తొచ్చి ఫొటోలు తీసింది. చలికో సంతోషానికో చేతులు వణికి, అంతా అలికినట్టు వచ్చింది. అతనికి చూపించింది. గులాబీరంగు మరక తప్ప ఏమీ తెలియలేదు.

"నువ్వు చూడవేం?"

"చూస్తున్నాగా."

"నన్ను చూస్తున్నావు. పైకి చూడు."

"పైన ఉన్నది నువ్వు చూడు. నాకిది చాలు."

"ముసలాడికి సరసం ఒకటి!" అంటూ అతని చేయి పట్టుకుంది. అప్పుడు మరీ కష్టమైంది. పైగా పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. తెర మూయడేం వీడు? ఊరంతా లేచి వచ్చేదాకా ఉంచుతాడా? లోపల్లోపల కోబుస్‌ను తిడుతూ, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

చాలాసేపటికి దీనా నిట్టూర్చింది. "అయిపోయింది. ఇక జన్మలో నార్వే ఊసెత్తను, సరేనా?"

ఆ రాత్రి ఆమె చంటిపిల్లలా నిద్రపోయింది. అతనికి కంటిమీద కునుకు లేదు.

తెల్లారుతూనే ఆపిల్ కేకులో పెద్ద ముక్క కోసి, గుడ్డలో చుట్టుకుని, కాలువ వంతెన దాటాడు. కోబుస్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులకు మోచేతుల దాకా గ్రీజు, కళ్ళు ఎర్రగా.

"పది నిమిషాలన్నాను కదరా, గంటసేపు ఉంచుతావా?" అన్నాడు లేండర్ట్. "పోనీలే. ఆ మొహం నువ్వు చూడాల్సింది. నీ మేలు మరిచిపోను. తీసుకో, కేకు."

కోబుస్ కేకు అందుకోలేదు. తల దించుకున్నాడు.

"నేనే వచ్చి క్షమాపణ అడుగుదామనుకున్నా మామా. ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. రాత్రంతా లోపలే మోటారుతో కుస్తీ పట్టాను."

"మోటారేమిటి?"

"తెర అంగుళం కూడా కదల్లేదు మామా."