తొమ్మిదో నంబరు తల్లి

అమ్మేసిన పందుల్ని తీసుకెళ్లే లారీ హారన్ కొడుతోంది. ఈతకు పన్నెండు పిల్లల్ని పెట్టని పంది మా ఫారంలో ఉండకూడదన్నది నా రూలు. తొమ్మిదో నంబరు ఎనిమిదే పెట్టింది. దాని గదికి నాన్న అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు నాన్నా! దీని సంతానం మనకొద్దు."

"పక్కగదిది పదహారు పెట్టిందిగా, దానికి చన్నులెన్ని?"

"పన్నెండు."

"మిగిలిన నాలుగూ ఏ హోటల్లో తాగుతున్నాయే, కాలేజీ తల్లీ?"

వంగి చూశాను. తొమ్మిదో నంబరు పొట్టకు పన్నెండు పిల్లలు వేలాడుతున్నాయి! నాలుగింటి చెవులకు పక్కగది పిల్లలని గుర్తుగా నేను పెట్టిన గాట్లున్నాయి. బురదలోనే గంతేశాను. లారీని ఖాళీగా పంపేసి, పట్టికలో 'బతికించినవి' అని కొత్త గడి గీశాను.

"గదుల మధ్య గోడపలక ఎప్పుడు ఊడింది నాన్నా?"

నాన్న జేబులోంచి గుప్పెడు మేకులు తీశాడు.

"అన్ని గదులవీ నేనే ఊడదీశా. మిగతా తల్లులన్నీ ఆ నాలుగింటినీ తరిమేశాయి. ఇదొక్కటే జరిగి చోటిచ్చింది."