మూడు సూదులు

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. రోడ్డు మీద బస్సు లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

పశువుల డాక్టరు జగపతి సమ్మె టెంటులోంచి లేచి రఘునాథపల్లిలోని తన దవాఖానకు వచ్చాడు. ఫ్రిజ్‌లోని టీకాల చుట్టూ కొత్త ఐసు సర్ది వెళ్లిపోదామనుకున్నాడు.

గడపలో ఒకామె కూర్చుని ఉంది. పక్కన గంప. గంప మీద తడిగుడ్డ.

"సమ్మెల ఉన్నమక్కా. దవాఖాన బందు."

ఆమె గుడ్డ తీసింది. లోపల మూడు కుక్కపిల్లలు. మూడు నెలల వయసుంటుంది.

"పిచ్చి లేవకుంట సూదులెయ్యున్రి డాక్టర్ సాబ్. తొమ్మిది కిలోమీటర్లు నడిసొచ్చిన."

పేరు మున్నవర్ బేగం అంది. ఊరి పేరు వినగానే జగపతి ఆగాడు. నెలన్నర కింద ఆ ఊళ్లో పిచ్చికుక్క తిరిగింది. తర్వాత జనం కర్రలు పట్టుకుని, కనిపించిన కుక్కనల్లా కొట్టి చంపారని విన్నాడు.

"వీటిని కరిసిందా?"

"లేదు."

"నువ్వు చూసినవా?"

"నేను సూడలే. వీటి దాకా రాలేదు."

చూడకుండా అంత గట్టిగా ఎలా చెబుతోంది? మూడింటినీ తిప్పి తిప్పి చూశాడు. గాటు లేదు.

అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. మున్నవర్ బేగం ఉలిక్కిపడి గోడకు ఒదిగిపోయింది.

"జర ఫ్యాను బందు చెయ్యున్రి."

ఆమె మొహం చెమటతో తడిసిపోయి ఉంది. జగపతి ఫ్యాను ఆపి, కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చాడు. ఆమె గ్లాసు వైపు ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"ఉపాసమా?"

"రంజాన్ ఎప్పుడో అయిపోయింది గద."

జగపతి ఆమెనే చూశాడు. గాలంటే భయం. నీళ్లంటే భయం. పిచ్చికుక్క కాటు లక్షణాలని పుస్తకాల్లో చదివాడే కానీ, మనిషిలో ఎన్నడూ చూడలేదు. మెల్లగా బల్ల అవతలికి జరిగాడు. తలుపు ఎంత దూరముందో చూసుకున్నాడు.

"నిజం చెప్పక్కా. నిన్ను కరిసిందా?"

"నన్నా? లేదు."

"అయితే గీ నీళ్లు తాగు."

ఆమె గంప వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, గ్లాసు రెండు చేతులా ఎత్తి గటగటా తాగేసింది. ఒక్క గుక్క కూడా అడ్డుపడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. అలా చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది.

జగపతికి ఊపిరి వచ్చింది. సిగ్గు కూడా వేసింది. మందు తీశాడు. ఆమె ఒక్కో పిల్లనూ ఒళ్లో అదిమి పట్టుకుంది.

"గీ సూదేస్తే ఇగ ఆ రోగం రాదా?"

"ఇంకోటి గూడ పడితే ఏడాది దాకా ఫికర్ లేదు."

"కరిసినంక సున్నం రాస్తె?"

"సున్నంతోని ఏం కాదక్కా. మనిషికైనా సూదే."

ఆమె పట్టు బిగిసింది. చేతిలోని పిల్ల కుయ్యిమంది.

జగపతి చీటీ రాయడానికి కూర్చున్నాడు.

"పెంచుకునేది ఎవరు?"

"అమ్రీన్. మా బిడ్డ. పన్నెండేండ్లు."

"నెలకు ఇంకో సూది ఉంటది. అప్పటికి బస్సులు నడుస్తయి. ఆ పిల్లనే తోలియ్యి. గింత దూరం నువ్వెందుకు నడుసుడు?"

మున్నవర్ బేగం గంప మీద గుడ్డ కప్పింది. గంపను చంకకెత్తుకుని గడప దాటబోతూ ఆగింది.

"పిచ్చికుక్క వీటి మీదికి ఉరికొస్తే అడ్డం పోయి కాటు పడ్డది మా అమ్రీనే డాక్టర్ సాబ్, గాలి తగిలినా, నీళ్లను జూసినా వణుక్కుంట వణుక్కుంట మొన్న సుక్కురారమే పానమిడిసింది."